పట్టా పక్కన పే స్లిప్పు



మీ ఇంట్లో ఒక కవరు ఉంటుంది. ఏ కవరో మీకూ తెలుసు. బీరువాలో చీరల మడతల కింద ఉంటుంది. లేదా ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. ఎప్పుడో బట్టల షాపు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో రేషన్ కార్డు ఉంటుంది. ఆధార్ కార్డులుంటాయి. పొలం ఉంటే పట్టాదారు పాస్‌ పుస్తకం ఉంటుంది. పిల్లల టెన్త్ మార్కుల లిస్టు, గొలుసు తాకట్టు పెట్టిన చీటీ, అన్నీ అందులోనే. పెద్ద వాన వచ్చి ఇల్లు కారిందనుకోండి, ముందు చెయ్యి పోయేది ఆ కవరు మీదకే.

ఇప్పుడొక మాట అడుగుతాను. ఆ కవర్లో మీ ఉద్యోగం తాలూకు కాగితం ఒక్కటన్నా ఉందా?

అరెకరం పొలానికి పాస్‌ పుస్తకం దాచుకుంటాం. ఆ అరెకరం ఏడాదికి ఎంత పెడుతుందో మనకు తెలియంది కాదు. మరి నెలనెలా బియ్యం తెచ్చిపెట్టేదేది? స్కూలు ఫీజు కట్టేదేది? మిల్లులో పని, షాపులో పని, ఆస్పత్రిలో పని, ఆఫీసులో పని. దానికి మాత్రం మన దగ్గర కాగితం ముక్క ఉండదు.

నేను కార్మికుల తరఫున కేసులు వాదించే లాయర్ని. లేబర్ కోర్టులో నా రోజులు గడుస్తుంటాయి. అక్కడ చట్టం మనవైపు ఉండి కూడా ఓడిపోయిన కేసులు చూశాను. కాగితం లేక ఓడిపోయినవి అవి. అందుకే ఇవాళ మీకు ఒక్కటే మాట చెప్పడానికి వచ్చాను. పనిలో ఉన్న రోజునే పని కాగితం దాచుకోండి. మళ్లీ చెబుతున్నాను. పని పోయాక వెతకడం కాదు, పనిలో ఉన్న రోజునే దాచుకోండి.

ఒక కేసు చెబుతాను. పేర్లు చెప్పను. చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు. అందులో ఒకావిడ పదకొండేళ్లు పనిచేసింది. రింగ్ ఫ్రేముల దగ్గర నిలబడి, తెగిన దారం అతికించే పని. ఎనిమిది గంటలు నడుస్తూనే ఉండాలి. జుట్టులో దూది, కనుబొమ్మల మీద దూది. ఒక రోజు పొద్దున షిఫ్టుకి వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "అమ్మా, నీ పేరు లిస్టులో లేదు. టైం ఆఫీసులో గేటు పాసు ఇచ్చేసి పొమ్మన్నారు" అన్నాడు. ఇచ్చేసింది. మేస్త్రికి ఫోన్ చేస్తే, "రెండ్రోజులాగు, నేను మాట్లాడతాను" అన్నాడు. ఆ రెండ్రోజులు రెండు నెలలయ్యాయి. మూడో నెలలో ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది.

కేసు వేశాం. మిల్లు వాళ్లు జవాబులో ఏం రాశారో తెలుసా? ఈమె మా మనిషే కాదు అన్నారు. కాంట్రాక్టరు ఎప్పుడన్నా తీసుకొచ్చేవాడు, అప్పుడప్పుడు వచ్చిపోయేది అన్నారు. మేం తీసెయ్యలేదు, తనే రావడం మానేసింది అన్నారు.

ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. మా మనిషి కాదు. రోజూ రాలేదు. తనే మానేసింది. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం యజమాని జవాబు ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ఆవిడ బోనెక్కింది. మిల్లు తరఫు లాయరు లేచాడు. మర్యాదగానే అడిగాడు.

"పదకొండేళ్లు పనిచేశానంటున్నావు. అపాయింట్‌మెంట్ ఆర్డరుందా అమ్మా?"

"లేదండి."

"పే స్లిప్పులు?"

"మాకెప్పుడూ ఇవ్వలేదండి."

"పోనీ, గేటు పాసు?"

"ఆ రోజు గేటు దగ్గరే తీసేసుకున్నారండి."

"తీసేసుకున్నారని ఎక్కడన్నా కంప్లయింట్ ఇచ్చావా?"

ఆవిడ నావైపు చూసింది. నేనేం చెయ్యగలను? బోనులో ఉన్న మనిషికి లాయరు అందించకూడదు. కాసేపాగి, "ఇవ్వలేదండి" అంది.

అంతే. నాలుగు ప్రశ్నలు. పదకొండేళ్ల పని నాలుగు ప్రశ్నల్లో గాల్లో కలిసినట్టయింది.

ఇంతకీ ఆ కాగితాలకు అంత పట్టింపు ఎందుకు? ఇక్కడ చట్టంలో ఒక అంకె ఉంది. 240. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన మనిషిని ఊరికే రేపట్నుంచి రావద్దనడానికి లేదు. సిబ్బందిని తగ్గించుకోవాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కట్టాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న రక్షణ ఇది. దాని స్థానంలో వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. జీతంతో ఇచ్చే ఆదివారాలు, పండగ సెలవులు కూడా ఆ 240లో కలపాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

చట్టం మంచిదే. కానీ ఆ 240 రోజులు పనిచేశానని రుజువు చెయ్యాల్సింది ఎవరు? కార్మికుడే. 2002లో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా చెప్పింది. నేను చేశానని అఫిడవిట్ రాసిస్తే చాలదంది. 2005లో ఇంకో తీర్పులో కొంచెం ఊపిరాడేలా చేసింది. రోజుకూలీకి ఆర్డరు కాగితం ఎవరిస్తారు, రసీదు ఎవరిస్తారు అని కోర్టే అర్థం చేసుకుంది. కార్మికుడు బోనెక్కి నిజం చెప్పాలి, మస్టర్ రోలు, జీతాల రిజిస్టరు తెమ్మని యజమానిని కోర్టు ద్వారా అడగాలి అంది. అలా అడగడం మా లాయర్ల పని. అడుగుతాం. కానీ రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది? అవతలి వాళ్ల చేతిలో. చెదలు తినేసిందంటారు. కాంట్రాక్టరు దగ్గరుందంటారు. తెచ్చినా, అందులో మన పేరు ఉంటుందని నమ్మకమేముంది?

అందుకే మళ్లీ అంటున్నాను. వాళ్ల రిజిస్టరు వాళ్ల దగ్గర ఉండనివ్వండి. మన కవరు మన దగ్గర ఉండాలి.

ఆ మిల్లు ఆవిడ సంగతికి వస్తాను. ఆ సాయంత్రం ఇంటికి పంపిస్తూ, "అమ్మా, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఊడ్చి పట్రా. పనికిరానివి కూడా తీసుకురా" అన్నాను. మర్నాడు ఒక సంచి తెచ్చింది. నా బల్ల మీద గుమ్మరించింది. కరెంటు బిల్లులు, పెళ్లి శుభలేఖలు. వాటి మధ్యలో చిన్న చిన్న చీటీలు, దారంతో కట్టి ఉన్నాయి. ఈఎస్ఐ డిస్పెన్సరీ చీటీలు. దగ్గుకీ ఆయాసానికీ వెళ్లినప్పుడల్లా ఇచ్చినవి. ఒక్కోదాని మీద తేదీ ఉంది. ఈఎస్ఐ నంబరు ఉంది.

"ఇవెందుకు దాచావమ్మా?" అన్నాను.

"వెనకాల తెల్లగా ఉంది కదండీ. పాల లెక్క రాసుకుంటానికి" అంది.

తిప్పి చూస్తే నిజమే. అర లీటరు, అర లీటరు, లీటరు అని వరసగా రాసుంది.

ఆ చీటీల మీది నంబరు మాకు తాళంచెవి అయింది. ఈఎస్ఐ అంటే యజమాని నెలనెలా చందా కట్టాలి. కట్టేటప్పుడు ఫలానా మనిషికి ఈ నెలలో ఇన్ని రోజులకు ఇంత జీతం ఇచ్చాం అని చూపించాలి. రోజుల లెక్క అక్కడే ఉంటుంది. ఈఎస్ఐ ఆఫీసు నుంచి ఆ రికార్డు తెప్పించమని కోర్టులో పిటిషను వేశాం. వచ్చింది. అప్పుడప్పుడు వచ్చిపోయేది అని ఎవరి గురించి రాశారో, ఆవిడ పేరు మీద నెలకి 26 రోజుల చొప్పున చందా కట్టింది వాళ్లే. కేసు అక్కడ మలుపు తిరిగింది. కోర్టు ఆవిడను మళ్లీ పనిలోకి తీసుకోమంది.

ఇప్పుడు మన కవరు దగ్గరికి వద్దాం. అందులో ఏం పెట్టాలి?

ముందు అపాయింట్‌మెంట్ ఆర్డరు. మాకెవరిస్తారండీ అంటారు మీరు. ఇప్పుడు అడగడానికి చట్టం ఉంది. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాలు 29 వాటిలో కలిసిపోయాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం గురించిన కోడ్ ఒకటి ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అందులో ఉంది. అంతకుముందు నుంచి పనిచేస్తూ పత్రం లేనివాళ్లకు, కోడ్ వచ్చిన మూడు నెలల్లోగా ఇవ్వాలని కూడా ఉంది. కాబట్టి అడగండి. ఒక్కరే అడగడానికి జంకైతే నలుగురు కలిసి అడగండి. ఇస్తే కవర్లో పెట్టండి. ఇవ్వకపోతే, అడిగినట్టు ఒక చిన్న ఉత్తరం రాసి దాని నకలు కవర్లో పెట్టండి. ఇవ్వలేదన్నదానికి అదే రుజువు.

రెండోది పే స్లిప్పు. వేతనాల కోడ్ ప్రకారం ప్రతి యజమానీ పే స్లిప్పు ఇవ్వాలి. కాగితమైనా ఫరవాలేదు, ఫోన్లో వచ్చినా ఫరవాలేదు. జీతం బ్యాంకులో పడుతుంటే పాస్‌బుక్కులో మూడు నెలలకోసారి ఎంట్రీ వేయించండి. జీతం పడిన లైనులో కంపెనీ పేరు ఉంటుంది. ఆ పేరే ఒక సాక్షి. చేతికి నోట్లిచ్చే చోటైతే, ఒక డైరీలో తేదీ, ఎంత ఇచ్చారు, ఎవరిచ్చారు అని అదే రోజు రాసుకోండి. కిరాణా కొట్టు ఖాతా రాసినట్టే. ఏడాది తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిందానికీ, ఆ రోజే రాసిందానికీ తేడా కోర్టుకి తెలుస్తుంది.

ఇక్కడ ఒక మేలు కూడా చెప్పాలి. జీతం బకాయి గొడవ వస్తే, ఇచ్చేశాను అని రుజువు చెయ్యాల్సిన బాధ్యత యజమానిది. వేతనాల కోడ్‌లో ఆ మాట రాసి ఉంది. అంటే జీతం ఇచ్చానన్న రుజువు ఆయనది. ఇన్ని రోజులు పనిచేశానన్న రుజువు మనది. ఈ రెండూ కలిపేసుకుని, అన్నీ ఆయనే చూపించాలి కదా అని కూర్చుంటే నష్టపోతాం.

మూడోది పీఎఫ్, ఈఎస్ఐ. పీఎఫ్‌కి 12 అంకెల యూఏఎన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఒక అట్టముక్క మీద రాసి కవర్లో వెయ్యండి. ఆరు నెలలకోసారి పీఎఫ్ పాస్‌బుక్కు ప్రింటు తీయించండి. మీసేవలోనో, పక్కింటి కుర్రాడి ఫోన్లోనో పది నిమిషాల పని. దాని మీద ఎవరి పేరుతో డబ్బు కట్టారో చూడండి. ఇది చాలా ముఖ్యం. ఎందుకో చెబుతాను.

పెద్దాస్పత్రిలో వార్డులు ఊడ్చే మనిషిని తీసుకోండి. పన్నెండేళ్లుగా అదే వార్డు, అదే బకెట్టు. నర్సమ్మకి ఈమె పేరు తెలుసు, డాక్టరుగారికి తెలుసు. కానీ రెండేళ్లకోసారి కాంట్రాక్టరు మారతాడు. చొక్కా జేబు మీద పేరు మారుతుంది. గోడలు మారవు, గచ్చు మారదు, పని మారదు. ఒక రోజు కొత్త కాంట్రాక్టరు, "నువ్వు పాతాయన మనిషివి, నాకు సంబంధం లేదు" అంటాడు. ఆస్పత్రి వాళ్లు, "నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి" అంటారు. మరి పన్నెండేళ్లు ఈమె ఎవరి మనిషి?

ఇప్పుడు మా లాయర్లకు ఎక్కువ తలనొప్పి తెచ్చిపెట్టే ప్రశ్న ఇదే. ఎవరి మనిషి? కాగితం మీద ఉన్న పేరు చూడాలా, నిజంగా పని చేయించుకున్నదెవరో చూడాలా? 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోట పని చేసిన వాళ్ల కేసు అది. తాత్కాలికం, పార్ట్ టైం అని పేరు పెట్టి ఏళ్లకేళ్లు శాశ్వతమైన పని చేయించుకోవడం తగదంది. వాళ్లను క్రమబద్ధం చెయ్యమంది. మంచి తీర్పు. అయితే ఆ తీర్పు మన కేసుకి పనికిరావాలంటే, ఏళ్ల తరబడి అక్కడే చేశామని ముందు మనం చూపించాలి. మళ్లీ అదే మాట. కవరు.

అందుకని కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత ఐడీ కార్డు ఫోటో తీసుకోండి. యూనిఫాం మీద పేరున్న చోట ఫోటో తీసుకోండి. డ్యూటీ చార్టు గోడకి అంటిస్తారు కదా, మీ పేరున్న పేజీ ఫోటో తీసుకోండి. పని ఎవరు చెప్పారు, సెలవు ఎవరిని అడిగారు అన్నది రాసుకోండి. కోర్టు అడిగేది అదే. నీకు సెలవిచ్చేది ఎవరు? నిన్ను కోప్పడేది ఎవరు?

ఫోటో అన్నాను కనక ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు పనులన్నీ వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. రేపు షిఫ్టు ఎన్నింటికో అందులోనే చెబుతారు. సెలవు అందులోనే అడుగుతాం. చివరికి రేపట్నుంచి రావద్దు అన్న మాట కూడా అందులోనే వస్తోంది. ఆ మెసేజి మంచి సాక్ష్యం. కానీ మనవాళ్లు ఏం చేస్తారు? కోపంలో గ్రూపులోంచి బయటికొచ్చేస్తారు. ఫోను మెమరీ నిండిందని చెరిపేస్తారు. ఫోను అమ్మేసి కొత్తది కొంటారు.

అలా చెయ్యకండి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఫోన్లో ఉన్నది కోర్టుకి ఇవ్వాలంటే ఒక సర్టిఫికెట్ జతచెయ్యాలి. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఫోను ఎవరిదో వాళ్లు సంతకం పెట్టేది. ఇంకోటి నిపుణుడు సంతకం పెట్టేది. లేబర్ కోర్టులో సాక్ష్యం నిబంధనలు సివిల్ కోర్టులో ఉన్నంత బిగువుగా ఉండవు. అయినా అవతలి లాయరు లేచి, ఈ మెసేజి అసలు ఏ ఫోన్లోదమ్మా అని అడగకుండా ఉండడు. కాబట్టి స్క్రీన్ షాట్ తీసుకోండి, మంచిదే. ఫోను మాత్రం దాచండి. పగిలిన ఫోనైనా సరే, కవర్లో పెట్టండి. గ్రూపులోంచి వాళ్లు తీసేస్తే తీసెయ్యనివ్వండి, మీరు బయటికి రాకండి.

ఇదంతా మిల్లు పనివాళ్లకీ, ఊడ్చేవాళ్లకేనా అని హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపో, మాదాపూర్ వైపో కంప్యూటరు ముందు కూర్చున్న తమ్ముడో చెల్లెలో అనుకుంటున్నారేమో. మీకూ ఇదే మాట. మీ దగ్గర అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉంటుంది. పే స్లిప్పులుంటాయి. కానీ అన్నీ ఎక్కడున్నాయి? కంపెనీ లాప్‌టాప్‌లో, కంపెనీ మెయిల్లో. ఒక శుక్రవారం సాయంత్రం మీటింగని పిలుస్తారు. మీరే రిజైన్ చేసేస్తే మంచి సర్టిఫికెట్ ఇస్తాం, లేకపోతే మేమే తీసేస్తాం అంటారు. భయపడి బటన్ నొక్కేస్తారు. మీరు ఇల్లు చేరేలోపే లాగిన్ పోతుంది. తర్వాత కోర్టులో, తనంతట తనే రాజీనామా చేశాడు అంటారు.

మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, పే స్లిప్పులు, పనితీరు బాగుందని మీకొచ్చిన లెటర్లు, ఇవి మీవి. మీ సొంత మెయిల్లో ఉంచుకోండి. కంపెనీ రహస్యాలు, కస్టమర్ల వివరాలు మాత్రం ముట్టుకోవద్దు. దాంతో మీ మీదే కేసవుతుంది. బలవంతంగా రాజీనామా చేయించారనుకోండి, ఆ రాత్రే సొంత మెయిల్ నుంచి రాయండి. ఇవాళ ఇన్ని గంటలకు ఫలానా గదిలో ఇలా అన్నారు, నాకు ఇష్టం లేకుండా రాజీనామా పెట్టించారు అని. వారం తర్వాత రాస్తే, ఎవరో చెబితే రాశాడంటారు.

ఇంకో మాట. మీ హోదాలో మేనేజర్ అని ఉంది కాబట్టి లేబర్ చట్టం మీకు వర్తించదని భయపెడతారు. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లు వర్కర్లే. నిజంగా మేనేజ్‌మెంట్ అధికారం చేతిలో ఉన్నవాళ్లకు వర్తించదు. పై అజమాయిషీ చేస్తూ నెలకి 18,000 రూపాయలు దాటి తీసుకునేవాళ్లకు వర్తించదు. కోర్టు తలుపు మీది బోర్డు చూడదు, లోపల చేసే పని చూస్తుంది. నువ్వు ఎవరికన్నా సెలవు మంజూరు చేశావా, ఎవరినన్నా పనిలో పెట్టావా అని అడుగుతుంది. కాబట్టి రోజూ మీరు చేసిన పని ఏమిటో చూపించే కాగితం కూడా కవర్లో ఉండాలి.

ఇప్పుడు పని పోయిన రోజు గురించి. ఆ రోజు చెయ్యాల్సింది ఒకే ఒక్క పని. ఉత్తరం రాయండి. పెద్ద భాష అక్కర్లేదు. "అయ్యా, నేను ఫలానా తేదీ పొద్దున షిఫ్టుకి వచ్చాను. గేటు దగ్గర ఆపారు. నేను పని మానలేదు. నన్ను పనిలోకి తీసుకోండి." అంతే, నాలుగు ముక్కలు. సంతకం, తేదీ. జిరాక్సు తీసుకుని స్పీడ్ పోస్టులో పంపండి. 2025 సెప్టెంబర్ నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. కౌంటర్లో రిజిస్ట్రేషన్ కావాలని, అందినట్టు రుజువు కావాలని అడగండి. రసీదు కవర్లో పెట్టండి. తనే మానేసింది అన్న మాటకి ఈ నాలుగు ముక్కలే జవాబు. మిల్లు ఆవిడ ఆ రెండు నెలలు మేస్త్రి మాట కోసం ఆగకుండా ఈ ఉత్తరం రాసుంటే, బోనులో ఆ నాలుగో ప్రశ్నకి తల దించుకునేది కాదు.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు. లెక్క తేల్చాం, డబ్బు తీసుకో, ఇక్కడ సంతకం పెట్టు అంటే, ముందు చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. డబ్బు అవసరమే, తీసుకోవాల్సి వస్తే సంతకం కింద "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయండి, తేదీ వెయ్యండి. అసలు పనిలోంచి తీసేసినా, మీరే మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిరోజుల్లో ఇచ్చెయ్యాలి. వేతనాల కోడ్ చెబుతున్న మాట అది. మీ జీతం మీకివ్వడానికి వేరే సంతకాలతో ముడిపెట్టే హక్కు వాళ్లకు లేదు.

తర్వాత లేబర్ ఆఫీసుకి వెళ్లండి. అర్జీ ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ రాజీ కుదర్చడానికి రెండు పక్షాలనూ పిలుస్తారు. ఒక సంగతి మీకు తెలియాలి. ఆ రాజీ గదిలో నేను మీ పక్కన కూర్చోలేను. లాయర్లకు అక్కడ ప్రవేశం లేదు. 1947 చట్టం అలాగే చెప్పింది. కొత్త కోడూ అలాగే చెబుతోంది. లేబర్ కోర్టులో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే లాయరు మీ తరఫున నిలబడతాడు. యూనియన్ నాయకుడైతే రాగలడు. కాబట్టి మొదటిసారి మీ కథ చెప్పాల్సింది మీరే. మీ పక్కన ఉండేది ఆ కవరే.

అర్జీ ఇచ్చి 45 రోజులైనా తేలకపోతే, మీరే నేరుగా ట్రైబ్యునల్‌కి, అంటే ఇలాంటి వివాదాలు తేల్చే కోర్టుకి, వెళ్లొచ్చు. అయితే గడువుంది. పాత చట్టంలో మూడేళ్లుండేది. కొత్త కోడ్‌లో అది రెండేళ్లయింది. పనిలోంచి తీసేసిన రోజు నుంచి రెండేళ్లు. కోడ్ రాకముందు తీసేసిన వాళ్లకు ఏ లెక్క అన్నది మేం కోర్టులో వాదించుకుంటాం, అది మా పని. మీరు మాత్రం రెండేళ్లే అనుకోండి. ఇంకా మాట్లాడితే, రెండు నెలలే అనుకోండి. ఆలస్యమైన కొద్దీ సాక్షులు ఊళ్లు మారతారు, రిజిస్టర్లు మాయమవుతాయి.

లాయరు ఫీజు ఎక్కడ తెచ్చేది అంటారేమో. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. మరోసారి చెబుతున్నాను, రాసుకోండి. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.

ఎన్ని చెప్పినా నేను వచ్చింది ఒక్క మాట కోసం. పనిలో ఉన్న రోజునే పని కాగితం దాచుకోండి. మిల్లు ఆవిడ కేసు గెలిచాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆవిడ ఆ చీటీలు దాచింది కేసు కోసం కాదు. వెనకాల పాల లెక్క రాసుకోవడానికి. ఆ నెలల్లో పాలవాడు లెక్క తనే రాసుకుని ఉంటే, ఆ చీటీలు ఎప్పుడో పొయ్యిలోకి పోయేవి. పదకొండేళ్ల పని కూడా వాటితోపాటే పోయేది.

మీ కవరు పాల లెక్క మీద ఆధారపడకూడదు. ఇవాళ రాత్రి అన్నాలు తిన్నాక ఆ కవరు ఒకసారి కిందికి దించండి. పట్టాదారు పాస్‌ పుస్తకం పక్కన ఒక పే స్లిప్పు పెట్టండి. ఈ నెలది ఒక్కటి చాలు. వచ్చే నెలది వచ్చే నెల పెట్టొచ్చు.